నొప్పి లేని చోటు

సూర్యలంక, 1966 జూలై 10

నిన్న సాయంత్రం నా పెళ్ళాం కోటిరత్నం నా పిర్ర కింద నుంచి సీసపు గుండు ఊడదీసింది. వల నీళ్ళలో మునగడానికి అడుగు తాడుకు కడతామే, ఆ గుండు. పొద్దుటి నుంచీ దాని మీదే కూర్చున్నానట. కూర్చున్నది నేనే గానీ ఆ సంగతి నాకు తెలియదు. నడుం కింద నాకేం తెలుస్తుంది? ఎవడైనా నా కాలు కోసుకుపోతే మర్నాడు చూసుకుని, "ఏంటి, ఇక్కడో కాలుండాలే" అని అడగాల్సినవాణ్ణి.

మెత్తగా ఉంటుందని పాత వల మడతపెట్టి దాని మీద కూర్చోబెట్టమన్నది నేనే. మా వాళ్ళలో ఎవరైనా అదే చేస్తారు. పరుపులెక్కడివి మాకు? ఆ వల గుండ్లన్నీ విప్పేశామనుకున్నాం. ఒకటి మిగిలింది.

చర్మంలో గుండు ఆకారం అచ్చుగుద్దినట్టు పడిందట. కోటిరత్నం అక్కడ చెయ్యి పెట్టి, "నొప్పిగా ఉందా మావా?" అని అడిగి, వెంటనే నాలిక కరుచుకుంది.

ఈ పుస్తకం పడవ లెక్కలకని కొన్నది. పోయిన కార్తీకంలో ఒడ్డుకొస్తూ పడవ అలకు తిరగబడి, దాని అంచు నా వెన్ను మీద పడ్డాక లెక్కలు వేరేవాళ్ళు చూస్తున్నారు. పుస్తకం ఖాళీగా ఉంది, నేనూ ఖాళీగా ఉన్నాను. కోటిరత్నానికి చదువు రాదు. అదో అదృష్టం, ఏమైనా రాసుకోవచ్చు.

జూలై 12

ఎర్రగా కమిలింది, అంతే. భయం లేదు.

జూలై 15

నల్లబడిందట. నల్లబడిందంటే ఎండుతోందన్నమాట. తాళ్ళు లాగీ లాగీ మా అరచేతుల్లో ఎన్ని పుళ్ళు నల్లబడి, చెక్కు కట్టి, రాలిపోలేదు! సముద్రపు నీళ్ళతో కడగమన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మాకు అదే మందు.

పడవ ఆసామి బ్రహ్మయ్య బావ వచ్చాడు. మా పెద్దమ్మ అల్లుడు. వెన్ను విరిగి గుంటూరు ఆసుపత్రి నుంచి నేను ఇంటికొచ్చిన రోజున అందరూ ఏడిస్తే ఆయనొక్కడే ఏడవలేదు. "చేతులు బానే ఉన్నాయి కదరా పున్నారావూ. వలలు బాగుచెయ్. నీ వాటాలో సగం నీకు పెడతా" అన్నాడు. ఆ మాటతోనే నేను మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టాను. కూర్చుని వల అల్లుతుంటే నేను మనిషిని. పడుకుంటే గోనెసంచిని.

రేపట్నుంచి మళ్ళీ కూర్చుంటానని బావతో చెప్పాను.

జూలై 24

చెక్కు ఊడిపోయింది. కింద ఏముందని అడిగితే కోటిరత్నం జవాబు చెప్పకుండా బయటికెళ్ళి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"గుంట" అంది వచ్చాక.

"ఎంత?"

"నిమ్మకాయ పడుతుంది. చాలా? ఇంకా కొలిచి చెప్పనా?"

దానికి భయమేస్తే కోపం వస్తుంది. మంచిమాట చెప్పినా తిట్టినట్టే చెబుతుంది, చెడ్డమాట సరేసరి. నాకు ఆ గుంట కనపడదు, తెలియదు. దాని మొహంలో చూసి తెలుసుకోవాలి. నా ఒంటి కబురు నాకు ఇంకొకళ్ళు చెప్పాలి.

బాపట్ల, ఆగస్టు 3

బండి మీద బోర్లా పడుకోబెట్టి బాపట్ల తెచ్చారు. కాంపౌండరు సుందరయ్యగారు చూశారు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. అంత వాసనొస్తోందా? నాకు రోజూ అలవాటై తెలియడం లేదు కాబోలు.

తెల్లపొడి ఇచ్చారు. రోజూ ఆ పొడి వేసి, గాజుగుడ్డ తడిపి గుంట లోపలికంటా కూరి, ఆ పైన కట్టు కట్టమన్నారు. "పైపైన కప్పితే లాభం లేదమ్మా. అడుగునుంచి పూడుకుంటూ రావాలి. అప్పటిదాకా కూర్చోకూడదు. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి" అన్నారు.

"నెలా, రెండు నెల్లా అండి?" అన్నాను.

ఆయన సంచీ సర్దుకున్నారు.

సూర్యలంక, ఆగస్టు 21

గుంట పూడడం లేదు. ఎలా పూడుతుంది? రోజూ ఇది లోపల గుడ్డ కూరుతుంటే! తలుపు సందులో కర్ర పెట్టి, తలుపు పడటం లేదేంటని ఏడ్చినట్టుంది.

నాలుగు రోజుల కింద కోటిరత్నంతో అదే అన్నాను. "పడవకి చిల్లి పడితే ఏం చేస్తాం? బయటినుంచి నార కొట్టి, తారు పూసి మూసేస్తాం. నీళ్ళు లోపలికి రావు, పడవ బతుకుతుంది. లోపలినుంచి పూడ్చేవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"నువ్వు పడవ్వా మావా?"

"అంతకంటే తక్కువేం కాదు."

"కాంపౌండరుగారు చెప్పారుగా."

"కాంపౌండరు ఏనాడైనా సముద్రంలోకెళ్ళాడా?"

దెబ్బలాడింది. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోనాడు గుడ్డ కూరడం మానేసింది. అంచులు దగ్గరికి లాగి, పైన పసుపూ వేపనూనే పట్టు వేసి బిగించి కట్టింది. బ్రహ్మయ్య బావ చూసి, "అదీ తెలివంటే" అన్నాడు.

సెప్టెంబరు 11

మూసుకుపోతోంది! నేనన్నానా లేదా?

సెప్టెంబరు 25

పూర్తిగా మూసుకుంది. కొత్త చర్మం గులాబీరంగులో నున్నగా ఉందట. కోటిరత్నం దాని మీద చెయ్యేసి నిమిరి, "నీ మొండితనం తగలెయ్య, నెగ్గావు" అంది. చెరువు చేపలు తెచ్చి పులుసు పెట్టింది. సముద్రం ఒడ్డున ఉండి చెరువు చేపలేంటే అంటే, జ్వరంగా ఉన్నవాడికి అవే మంచివంది.

జ్వరం అంటే పెద్ద జ్వరం కాదు. సాయంత్రాలు కాస్త వెచ్చగా ఉంటోంది. ఎండ.

అక్టోబరు 2

వల దగ్గర కూర్చున్నాను. ఈసారి కింద గుండ్లు లేవని తడిమి తడిమి చూశాకే కూర్చున్నాను. వల బిగువుగా ఉండాలంటే కాలి బొటనవేలికి తగిలించుకుని లాగి పట్టుకోవాలి. నా వేలు పనికిరాదు కాబట్టి కోటిరత్నం ఎదురుగా కూర్చుని తన వేలికి తగిలించుకుంది. చీకటి పడేదాకా అల్లాం. ఆ నవ్వులూ ఆ సరసాలూ చూసి పక్కింటివాళ్ళు, "కొత్త కాపరమా ఏంటి?" అన్నారు.

అక్టోబరు 9

కాలు కదిలింది.

ఎడమకాలు దానంతటదే ముడుచుకుని, గట్టిగా తన్ని, మళ్ళీ చాచుకుంది. కోటిరత్నం కేక పెట్టింది. అరగంటలో పేట పేటంతా మా గుమ్మంలో ఉంది. వాళ్ళందరూ చూస్తుండగా ఇంకోసారి తన్నింది. బ్రహ్మయ్య బావ కళ్ళు తుడుచుకున్నాడు. నేను కదపలేదు, అదే కదిలింది. అయితేనేం. మొదట అలాగే మొదలవుతుందేమో.

గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది కోటిరత్నం.

అక్టోబరు 17

రెండు కాళ్ళూ కదులుతున్నాయి. ఒకోసారి మంచం మీదనుంచి తోసేసేంతగా. వణుకుతో కూడిన చలిజ్వరం. సుందరయ్యగారికి కబురంపితే మలేరియా అని మాత్రలు పంపారు. పుండు మూసుకుందని చెప్పమన్నాను. మూసుకుంది కూడా.

అక్టోబరు 26

మలేరియా మాత్రలు పని చెయ్యలేదు. చేదు ఒకటే మిగిలింది.

అక్టోబరు 30

పక్క మీద తడి. మూత్రం పోయే గొట్టం జారిందనుకున్నాను. కాదు. మూసుకున్న చోటికి నాలుగు వేళ్ళ అవతల కొత్తగా చిల్లు పడి, దాంట్లోంచి చీము కారింది. చెంబుడు కారిందని కోటిరత్నం అంది. చెంబుడు! అదంతా ఇన్నాళ్ళూ నాలోనే ఉందా? నున్నటి చర్మం కింద, మేం పులుసులు తింటూ, కాలు కదిలిందని పండగ చేసుకుంటూ ఉంటే?

కోటిరత్నం పక్కగుడ్డలు మార్చింది. తిట్టలేదు. దాంతో నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

నవంబరు 4

తెనాలిలో జ్ఞానానందంగారని ఎముకల డాక్టరున్నారట, సుందరయ్యగారు చీటీ రాసిచ్చారు. కానీ ఉక్కు ఫ్యాక్టరీ కోసం గొడవలు. రైళ్ళు ఎప్పుడొస్తాయో ఎప్పుడాగుతాయో తెలియదు. బాపట్ల స్టేషను దాకా వెళ్ళి తిరిగొచ్చాం. ప్లాట్‌ఫారం మీద మనుషులు నాకు దూరంగా జరిగి కూర్చున్నారు.

తెనాలి, నవంబరు 14

డాక్టరుగారు పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నారు. సన్నటి ఇనప పుల్ల ఆ చిల్లులోకి పోనిచ్చారు. నాకేం తెలియలేదు. కానీ వినపడింది. పుల్ల కొస దేనికో తగిలి "టిక్" మంది.

"విన్నావా?" అన్నారు.

"ఏంటండి అది?"

"నీ ఎముక."

ఎక్స్‌రే తీశారు. కూర్చునేటప్పుడు బరువంతా మోసే ఎముక ఉందే, ఎడమవైపుది, దాని అంచు చెదపురుగు తిన్నట్టుంది. నాకే కనపడింది, చదువుకున్నవాళ్ళు చెప్పక్కర్లేదు.

"పుచ్చిన పన్ను మీద తొడుగు వేస్తే పన్ను బాగవుతుందా పున్నారావూ? పైన మూసుకుంది, లోపల చీము దారి లేక ఎముకలోకి దిగింది" అన్నారు. ఎవరు మూశారని ఆయన అడగలేదు. కోటిరత్నం నా వైపు చూడకుండా గోడ వైపు చూసింది.

"కాళ్ళు కదులుతున్నాయండి" అన్నాను. అది కూడా చెప్పకపోతే ఎలా?

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "కాళ్ళు రావడం కాదయ్యా అది. లోపల రోగం ముదిరిందని ఒంటికి తెలుసు. నీకు చెప్పే దారి తెగిపోయింది. చెప్పుకోలేక కొట్టుకుంటోంది."

ఇంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

చచ్చిన ఎముక తీసెయ్యాలన్నారు. తీసి, కట్లు కడుతూ, సూదిమందులు వేస్తూ నెలల తరబడి బోర్లా పడుకోబెట్టాలి. లేకపోతే ఆ విషం నెత్తురులోకి పాకుతుంది. పాకితే ఇక ఆయన చేతుల్లో ఉండదు.

"ఎముక తీసేస్తే మళ్ళీ కూర్చోగలనా?"

"ఎంత చచ్చిందో కోస్తేగానీ చెప్పలేను. కూర్చుంటావని ఇప్పుడు మాటివ్వలేను."

ఆలోచించుకుని వస్తామని చెప్పాను. ఆలోచించడానికేం లేదు. కూర్చోలేకపోతే నేనెందుకు?

రేపల్లె, నవంబరు 20

సూర్యలంక వెళ్ళలేదు. తెనాలి నుంచి రేపల్లె బండెక్కి బావమరిది లక్ష్మయ్య ఇంటికొచ్చాం. ఎండుచేపల వ్యాపారం వాడిది, ఇల్లు స్టేషను దగ్గరే. ఎండుచేపల వాసనలో నా వాసన కలిసిపోతుందని వచ్చానేమో.

ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. పడుకున్నాను.

నవంబరు 29

జ్వరం. ఏం రాయను.

డిసెంబరు 3

అత్త హనుమాయమ్మ వంటింట్లో కూతురితో మాట్లాడుతోంది. నాకు చెవులు బాగానే పని చేస్తాయన్న సంగతి మర్చిపోతారు.

"పిల్లా జెల్లా లేరు. నీకు ముప్ఫయ్యైనా నిండలేదు. నీ బతుకు ఏంగానే?"

"చేపలు కడిగావా అమ్మా?" అంది కోటిరత్నం.

"నే అడిగిందేంటి, నువ్వనేదేంటి!"

"వినపడింది. నువ్వు చేపలు కడుగు."

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇదెళ్ళిపోతే ఆ గుంటను చూసేవాళ్ళెవరు? మొగుణ్ణన్న సంగతి తర్వాత, ముందు ఆ గుంట గుర్తొచ్చింది. ఇలాంటి మనిషినైపోయాను.

డిసెంబరు 8

లక్ష్మయ్య గడ్డం గీసుకునే అద్దమూ, అత్త పెట్టెలోని అద్దమూ తెమ్మన్నాను. కోటిరత్నం తేనంది. "చూసి ఏం చేస్తావు మావా?" అంది. నా ఒంటిని పేటలో అందరూ చూశారు, నేనొక్కణ్ణే చూడలేదు అన్నాను. తెచ్చింది. ఒకటి నా చేతికిచ్చి, ఒకటి వెనక పట్టుకుంది.

చూశాను.

పుట్టినప్పటినుంచి చేపలు కోస్తున్నవాణ్ణి. మాంసమేదో ముల్లేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చిల్లు అడుగున తెల్లగా ఉన్నది ముల్లు.

అద్దం తీసెయ్యమన్నాను. తీసేసింది. నా ఒళ్ళంతా చెమట పట్టింది, పట్టడానికి మిగిలిన సగం ఒళ్ళు. "నేను చచ్చిపోతానా?" అని అడిగాను. ఎప్పుడూ అడగనిది అడిగాను.

"ఇట్టాగే పడుకుంటే చస్తావు. చచ్చేట్టయితే ఇక్కడొద్దు, సూర్యలంకలో చావు. అక్కడైతే మోసేవాళ్ళున్నారు" అంది. అని, నా తల తన ఒళ్ళో పెట్టుకుని భోరుమంది. "కూర్చోకపోతే మానె. పడుకునే ఉండు మావా. పడుకుని తిట్టు, నేను పడతాను. ఉండు."

డిసెంబరు 9

ఎముక కోయించుకుంటాను.

డిసెంబరు 10

భయంగా ఉంది. నిన్న రాసింది కొట్టేద్దామనిపించింది. కొట్టెయ్యలేదు.

తెనాలి, డిసెంబరు 22

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. వెంటనే కొయ్యరట. ముందు ఒంట్లో నెత్తురు పెరగాలి, జ్వరం తగ్గాలి. గుడ్లూ, పాలూ, సూదులూ. సూదులు చేతికి వేస్తారు. అది నొప్పిగా ఉంది. నొప్పి అంటే ఎలా ఉంటుందో మర్చిపోకుండా ఉంటున్నాను.

1967 జనవరి 9

పొద్దున ఎముక కోత అయింది. ఇప్పుడు సాయంత్రం. సిస్టరు పడుకోమంటోంది. రాయకపోతే నిద్ర రాదు.

మత్తు ఇవ్వలేదు. "నీకక్కడ తెలియదు కదా, నీ గుండెకు మత్తు భారమెందుకు?" అన్నారు డాక్టరుగారు. బోర్లా పడుకోబెట్టి నడుం దగ్గర తెర కట్టారు. సరేనన్నాను. నొప్పి లేనప్పుడు భయమెందుకు అనుకున్నాను.

కత్తి సంగతి తెలియలేదు. తర్వాత ఉలి పెట్టి సుత్తితో కొట్టారు. పడవ చెయ్యడం చూశాను నేను. చెక్క మీద ఉలి పడితే ఎలాంటి మోత వస్తుందో తెలుసు. అదే మోత నా ఒంట్లోంచి వచ్చింది. ఒక్కో దెబ్బకు నా ఛాతీ బల్ల మీద కదులుతోంది, నా గడ్డం కదులుతోంది. నొప్పి మాత్రం లేదు. ఎవడో నన్ను పక్కింట్లో పెట్టి కొడుతున్నాడు.

"ఆపండి" అని అరిచాను.

మోత ఆగింది. "నొప్పిగా ఉందా?" అన్నారు డాక్టరుగారు, కంగారుగా.

"లేదండి. అందుకే ఆపండి."

ఎవరూ నవ్వలేదు. సిస్టరు వచ్చి తల దగ్గర నిలబడి నా చెవులు రెండూ తన చేతులతో మూసింది. "కొట్టండి డాక్టర్" అంది. అయినా వినపడింది. ఎముకలోంచి వచ్చే మోతకు చెవులు మూస్తే ఏం లాభం?

అంతా అయ్యాక పళ్ళెంలో ముక్కలు చూపించారు. వద్దనే లోపే చూపించారు. బూడిదరంగులో, వేలితో నలిపితే పొడయ్యేలా ఉన్నాయి. "నెత్తురొచ్చే ఎముక తగిలేదాకా చెక్కాను. అక్కడ ఆపేశాను" అన్నారు.

కోటిరత్నం బయట గుమ్మంలో కూర్చుని ఆ దెబ్బలన్నీ విందట.

జనవరి 11

గాయం కుట్టలేదు. తెరిచి ఉంచారు! పిడికిలి పడుతుందని కోటిరత్నం అంది. మళ్ళీ గాజుగుడ్డ కూరుతున్నారు. ఈసారి నేను నోరెత్తలేదు.

జనవరి 28

చెవుల్లో హోరు. మొదట సముద్రం అనుకున్నాను. తెనాలిలో సముద్రమేంటి! కళ్ళు మూసుకుంటే సూర్యలంకలో ఉన్నట్టే ఉంది, హాయిగా కూడా ఉంది. సిస్టరుతో చెబితే పరుగెత్తుకెళ్ళి డాక్టరుగారిని తెచ్చింది. సూదిమందు వల్లట. రెండు మందుల్లో ఒకటి ఆపేశారు. ఇంకొన్నాళ్ళు చెప్పకుండా ఊరుకుంటే చెవుడొచ్చేదట. కింద తెలియదు, పైన వినపడదు, ఇక మిగిలేదేంటి?

ఆ మందు ఆపితే ఎముక మళ్ళీ పుచ్చుతుందా అని అడిగాను. "చూద్దాం" అన్నారు. డాక్టర్లు చూద్దాం అంటే నాకు చేతులు చల్లబడతాయి.

ఫిబ్రవరి 15

వీధిలో ఎన్నికల జీపులు. మైకులు. బోర్లా పడుకున్నవాడి ఓటు ఎవడికి కావాలి.

మార్చి 6

ఇప్పుడు కట్టు కట్టేది కోటిరత్నమే. సిస్టరు నేర్పింది. అంచులు తొందరపడి కలుసుకుంటుంటే ఇది గుడ్డతో వాటిని విడదీసి పెడుతోంది. "ఆగు, ఆగు, నీకేం తొందర? అడుగు పూడనీ" అని పుండుతో మాట్లాడుతోంది. నాతో మాట్లాడినదానికన్నా మర్యాదగా.

ఏప్రిల్ 2

జ్వరం లేదు. కాళ్ళు తన్నడం ఆగిపోయింది. ఆగినందుకు సంతోషించాలని తెలుసు. సంతోషించడానికి ప్రయత్నం చేస్తున్నాను.

మే 19

అడుగునుంచి పూడుకుని పైకొచ్చి మూసుకుంది. డాక్టరుగారు ఇటునొక్కి అటునొక్కి, ఇంకో ఎక్స్‌రే తీసి, "ఇక ఇంటికెళ్ళు" అన్నారు. గాలిదిండు ఇప్పించారు. నా చేత బల్ల మీద రెండు చేతులూ ఊనిపించి, ఒంటిని పైకి లేపించారు. కూర్చున్నంతసేపూ అలా మాటిమాటికీ లేపుతూ ఉండాలట. మొదట్లో గంట మించకూడదు.

తర్వాత కోటిరత్నాన్ని పిలిచారు. "రోజూ పొద్దున్నే రెండువైపులా చూడమ్మా. ఎర్రగా ఉంటే బొటనవేలితో నొక్కు. నొక్కినచోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. ఎరుపు పోకుండా అలాగే ఉంటే మాత్రం, అది పోయేదాకా కూర్చోనివ్వకు. ఇంద్రుడొచ్చి చెప్పినా కూర్చోనివ్వకు. ఇంకోసారి ఎముక పుచ్చితే నేను తియ్యడానికి ఏం మిగల్లేదు. ఆ తర్వాత ప్రాణమే."

ఆ మాట నాతో చెప్పొచ్చుగా. దానితో ఎందుకు చెప్పారంటే, నాకు తెలియదు కాబట్టి. నా ప్రాణం దాని బొటనవేలి కింద ఉంది.

సూర్యలంక, జూన్ 4

ఇల్లు. ఇసక. చేపల ఎండువాసన. రోజూ పొద్దున్నే చూస్తోంది. "ఏడిశావులే, బానే ఉంది" అంటుంది. "నీ పిర్రల కంటే కాశీ వెళ్ళి చూసొస్తే పుణ్యమొచ్చేది" అంటుంది. తిట్టే ముందు క్షణం సేపు ఊరుకుంటుంది చూడండి, ఆ క్షణంలో నాకు ఊపిరాడదు.

జూన్ 12

మృగశిర కార్తె వచ్చింది. పడవలు సిద్ధం చేస్తున్నారు. బ్రహ్మయ్య బావ వచ్చి నిలబడ్డాడు. "వలలన్నీ చినిగి ఉన్నాయిరా. ఇన్నాళ్ళూ నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. మన పేట చెంచురామయ్య అడుగుతున్నాడు. వాణ్ణి ఆగమన్నాను" అన్నాడు.

గంటసేపు వస్తానన్నాను.

జూన్ 18

కూర్చున్నాను! పోయిన అక్టోబరు తర్వాత మళ్ళీ ఇవాళ. గాలిదిండు మీద, చేతులతో లేస్తూ, దిగుతూ. కోటిరత్నం ఎదురుగా కూర్చుని వల బొటనవేలికి తగిలించుకుంది. నా వేళ్ళు మర్చిపోలేదు, ముడి తర్వాత ముడి వాటంతటవే పడ్డాయి. బావ ఏదో మోటుమాటన్నాడు. నేను విరగబడి నవ్వాను. గంట కంటే ఎక్కువే అయిందేమో. లెమ్మని కోటిరత్నం అనలేదు.

జూన్ 19

పొద్దున చూసింది.

"ఏం లేదు మావా. బాగుంది" అంది.

మెత్తగా అంది. తిట్టలేదు. నాకు నమ్మకం కలగలేదు.

"నొక్కి చూశావా?"

"చూశాను."

"మళ్ళీ నొక్కు."

నొక్కిందో లేదో నాకెలా తెలుస్తుంది? గోడ వైపు తిరిగి పడుకున్నాను. ముక్కు ఎగబీల్చడం వినపడింది.

"కుడివైపు మావా. కొత్తచోట. ఎరుపు పోవట్లేదు."

"మరి బాగుందన్నావే?"

"నిన్న నవ్వావు. ఎనిమిది నెలలైంది నువ్వట్టా నవ్వి. పొద్దున్నే దీన్ని చూసి, ఎట్టా చెప్పను? నాకు నోరు రాలేదు. ఒక్కరోజు, ఒక్కరోజు కూర్చుంటే ఏమవుద్దిలే అనుకున్నా" అని నా వీపు మీద తల పెట్టి ఏడ్చింది.

కోపం రాలేదు. నేనైతే ఎన్నిసార్లనుకోలేదు ఆ మాట.

ఇంతలోకే బయట బ్రహ్మయ్య బావ. "ఏరా, లేచావా? వల పరిపించాను, రా."

నేను చెప్పకపోతే కోటిరత్నం చెప్పదు. నాకు తెలుసు. మోసుకెళ్ళి కూర్చోబెడతారు, నేను అల్లుతాను, నవ్వుతాను, నొప్పి పుట్టదు. ఏమీ పుట్టదు. ఉలి మోత వినపడింది నాకు, ఆ గదిలో విన్నట్టే.

"రాను బావా" అన్నాను.

ఆయన లోపలికొచ్చాడు. "ఏంటి? నొప్పిగా ఉందా?"

"లేదు బావా. నొప్పి లేదు. భయంగా ఉంది. నా చోటు చెంచురామయ్యకిచ్చెయ్."

"ఒక్క పూటకేరా..."

"పూటా కాదు, గంటా కాదు. ఇచ్చెయ్ బావా. పడవలు ఆగవుగా."

ఆయన వెళ్ళిపోయాడు. నన్ను బోర్లా తిప్పమన్నాను. తిప్పింది. బయట చెంచురామయ్య గొంతు వినపడింది, ఏ వల ముందు అని అడుగుతున్నాడు. వెనక్కి పిలుస్తానేమోనని దిండు పళ్ళతో కరిచిపెట్టుకున్నాను. పిలవలేదు.

జూన్ 20

ఎరుపు అలాగే ఉంది.

జూన్ 21

అలాగే ఉంది.

జూన్ 24

పొద్దున చూసింది. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కినట్టుంది. నేను మంచంకోడు పట్టుకున్నాను.

"నీ ఒళ్ళు కాల, నన్ను చంపుకు తింటున్నావు. అంచు తెల్లబడింది. మధ్యలో ఇంకా ఉంది. కదిలావంటే కాళ్ళిరగ్గొడతా" అంది.

నమ్మాను.